బెర్లిన్‌లో అమ్మానాన్నలతో నాలుగు రోజులు

బెర్లిన్ వెళ్లేవాళ్లకి ముందుగా ఒక్క మాట. చెక్‌పాయింట్ చార్లీ (తూర్పు, పశ్చిమ బెర్లిన్‌ల మధ్య పాత సరిహద్దు గేటు) దగ్గర ఎవరైనా "పాత తూర్పు జర్మనీ ముద్ర వేస్తాం" అని పిలిస్తే పాస్‌పోర్టు బయటికి తీయకండి. మా అమ్మ తీసింది. నేను నీళ్ల బాటిల్ కొనడానికి పక్కకి వెళ్లిన రెండు నిమిషాల్లో జరిగిపోయింది. వచ్చేసరికి బల్ల వేసుకుని కూర్చున్న ఒకతను అమ్మ అసలు పాస్‌పోర్టులో పేజీ నిండా నాలుగు ముద్రలు కొట్టేసి, 5 యూరోలు తీసుకుని, వెనక ఉన్నవాళ్లని పిలుస్తున్నాడు. అమ్మ అది జ్ఞాపకంగా ఉంటుందని సంబరపడుతోంది.

పాస్‌పోర్టు ప్రభుత్వ పత్రం. అందులో ఇలాంటి సరదా ముద్రలు పడితే పాడైన పాస్‌పోర్టు కింద లెక్కగట్టి ఇమిగ్రేషన్‌లో ఆపేయొచ్చు. రోజూ అదే పని చేసేవాడికి ఈ సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? గట్టిగా అడిగితే, "ఆవిడే కదా చేతికిచ్చింది" అన్నాడు. విషయం తెలిశాక అమ్మకి ఆ రోజు అన్నం సహించలేదు. "నన్ను ఇక్కడే ఆపేస్తారంటావా?" అని నెల రోజులు అడుగుతూనే ఉంది. చివరికి ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఆ పేజీ ఒకసారి చూసి ఏమీ అనకుండా పంపించేశాడు. 70 ఏళ్ల మనిషిని నెల రోజులు టెన్షన్ పెట్టినందుకు అతని మీద నాకు ఇప్పటికీ కోపమే. అసలు అక్కడ చూడ్డానికి ఉన్న కాపలా గది కూడా నకలు. అసలుది 1990 జూన్‌లో తీసేశారు, ఇప్పుడు ఊళ్లో ఇంకోచోట మ్యూజియంలో ఉంది. నా మట్టుకు నేను ఎవరినీ ఆ కూడలికి వెళ్లమని చెప్పను.

బస సంగతి కూడా చెప్పేస్తాను. 2024 అక్టోబరులో మూడు రాత్రులకి రెండు గదుల ఫ్లాట్ 276 యూరోలని చూసి బుక్ చేశాను. చివరి పేజీలో క్లీనింగ్ ఖర్చులూ అవీ కలిపి 341 అయింది. లిఫ్ట్ ఉందని రాశారు. ఉంది, పనిచేయడం లేదు. అమ్మ మోకాళ్లతో నాలుగో అంతస్తు. మొదటి రాత్రి హీటర్ రాలేదు, ఓనరుకి మెసేజ్ పెడితే మర్నాడు మధ్యాహ్నం జవాబు. పెద్దవాళ్లతో వెళ్తే లిఫ్ట్ నడుస్తోందా అని ముందే రాసి అడగండి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. ట్రాములూ రైళ్లూ మాత్రం చాలా బాగున్నాయి. 24 గంటల టిక్కెట్ 2024లో మనిషికి 9.90 యూరోలు ఉండేది. నాకు నెల పాస్ ఉండేది కాబట్టి రోజుకి వాళ్లిద్దరికే, 19.80. అప్పటి రేటుకి మన డబ్బుల్లో 1,800 దాకా.

ఇక మేం అసలు బెర్లిన్ ఎందుకెళ్లామో చెప్పాలి. నాన్న కోసం. గుంటూరు జిల్లాలో 35 ఏళ్లు సోషల్ చెప్పి 2008లో రిటైరైన టీచరు. ఇంటికి 'సోవియట్ భూమి' పత్రిక వచ్చేది. ఆ నున్నటి కాగితాలతోనే మా పుస్తకాలకి అట్టలు వేసేవాడు. విశాలాంధ్ర దుకాణంలో కొన్న రష్యన్ పుస్తకాలు ఇప్పటికీ ఇంట్లో అటక మీద ఉన్నాయి. 1989 నవంబరులో, కమ్యూనిస్టుల తూర్పు బెర్లిన్‌నీ పశ్చిమ బెర్లిన్‌నీ విడదీసిన గోడ పడిపోయినప్పుడు మా ఊళ్లో అంతా ఎన్నికల హడావుడిలో ఉన్నారు. నాన్న మాత్రం రేడియో దగ్గరే కూర్చున్నాడు. నాకు పదేళ్లు. ఏమైంది నాన్నా అంటే, "ఏం కాలేదమ్మా, చదువుకో" అన్నాడు. అప్పటినుంచీ ఆ ఊరు చూడాలని ఆయన మనసులో ఉంది.

మొదటి రెండు రోజులూ బాగానే గడిచాయి. బెర్నవర్ వీధిలో గోడ స్మారకం ఉచితం, పెద్ద స్థలం, కూర్చోవడానికి బెంచీలున్నాయి. గోడ లేనిచోట ఇనుప కడ్డీలు పాతి గుర్తు ఉంచారు. అప్పట్లో సరిహద్దు గేటు ఉన్న బోర్న్‌హోల్మర్ వంతెన దగ్గర నాన్న చాలాసేపు నిలబడ్డాడు. 1989 నవంబరు 9 సాయంత్రం తూర్పు జర్మనీ పాలక పార్టీ నాయకుడు షాబోవ్‌స్కీ విలేకరుల ముందు, ప్రయాణాల మీద కొత్త నిబంధన ఎప్పటినుంచి అని అడిగితే కాగితాలు తిరగేసి "వెంటనే" అనేశాడు. జనం ఈ వంతెనకి ఎగబడ్డారు. పైనుంచి సరైన ఆదేశం రాక, రాత్రి పదకొండున్నర ప్రాంతంలో హెరాల్డ్ యేగర్ అనే అధికారి తానే నిర్ణయం తీసుకుని గేటు ఎత్తించాడు. ఒక్క తూటా పేలలేదు. "ఇది పాఠంలో ఎప్పుడూ లేదు" అన్నాడు నాన్న.

మూడో రోజు హోహెన్‌షోన్‌హౌజెన్. స్టాసీ, అంటే తూర్పు జర్మనీ రహస్య పోలీసులు, రాజకీయ ఖైదీల్ని విచారణకి పెట్టిన జైలు. అలెగ్జాండర్‌ప్లాట్జ్ నుంచి ఎం5 ట్రామ్ ఎక్కి ఫ్రైయెన్‌వాల్డర్ వీధి స్టాపులో దిగితే పది నిమిషాల నడక. అమ్మ ఆ రోజు ఫ్లాట్‌లోనే ఉంటానంది.

ఇక్కడ కొన్ని టూర్లు ఆ జైల్లో ఉండి వచ్చినవాళ్లే చేస్తారు. జర్మన్‌లో వాళ్లని జైట్‌సోయ్‌గె అంటారు. ప్రత్యక్ష సాక్షి అని చెప్తే నాన్న మాటకి మాట అర్థం అడిగాడు. జైట్ అంటే కాలం, సోయ్‌గె అంటే సాక్షి అన్నాను. "కాలసాక్షి" అని ఒకసారి పైకి అనుకున్నాడు. జర్మన్ వచ్చినవాళ్లు వెంట ఉంటే తప్పకుండా అలాంటి టూరే అడిగి తీసుకోండి. నాకు భాష వచ్చు కాబట్టి నాన్న చెవిలో తెలుగులో చెప్తూ నడిచాను.

మాకు వచ్చినావిడకి అరవై ఐదేళ్లుంటాయి. పొట్టి జుట్టు, చేతిలో తాళాల గుత్తి. 1982లో హంగరీ మీదుగా పారిపోబోతూ దొరికిపోయిందట, అప్పటికి 23 ఏళ్లు. కిటికీల్లేని చిన్న వ్యానులో తెచ్చారు. అలాంటి వ్యాన్ల మీద చేపల దుకాణం పేరో, రొట్టెల దుకాణం పేరో రాసి ఉండేది. ఎక్కడికి తెచ్చారో తనకి తెలియదు. ఈ జైలు ఊరి మ్యాపుల్లోనే ఉండేది కాదు. పేరు తీసేసి నంబరు ఇచ్చారు. రాత్రిళ్లు వెల్లకిలా పడుకుని రెండు చేతులూ దుప్పటి పైన పెట్టాలి. పక్కకి తిరిగితే తలుపు మీద కొట్టి లేపేవారు. కొన్ని నిమిషాలకోసారి లైటు. నడవాలో ఎర్ర దీపాలు చూపించింది. అది వెలిగితే ఖైదీ గోడవైపు తిరిగి నిలబడాలి, ఒక ఖైదీ ఇంకో ఖైదీ ముఖం చూడకూడదు. అయిదు నెలల్లో తను ఇంకో ఖైదీని ఒక్కరిని కూడా చూడలేదట.

విచారణ గదిలో పూల వాల్‌పేపరు, టెలిఫోను, టేబులు. మామూలు ఆఫీసు గదిలాగే ఉంది. మూలన ఒక స్టూలు. ఆవిడ దాని మీద కూర్చుని, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని చూపించింది. "గంటల తరబడి ఇలాగే" అంది. అలా కూర్చునే మిగతాది చెప్పింది. వేళ్లు కొంచెం వంకరగా ఉన్నాయి, పెద్దవాళ్ల వేళ్లు. ఎవరూ ఫోటో తీయలేదు.

ప్రశ్నలుంటే అడగమన్నప్పుడు నాన్న చెయ్యెత్తాడు. అరెస్టుకి ముందు మీరు ఆ వ్యవస్థని నమ్మారా అని అడగమన్నాడు. అడిగాను. ఆవిడ నన్ను కాదు, నాన్ననే చూస్తూ జవాబు చెప్పింది. "నేను చిన్నప్పుడు నమ్మాను. మా నాన్న చివరిదాకా నమ్మాడు. నన్ను లోపల వేశాక కూడా, ఎక్కడో పొరపాటు జరిగిందనే అనుకున్నాడు." ఇది తెలుగులో చెప్పేటప్పుడు నా గొంతు పట్టేసింది. నాన్న తల ఊపాడు. ఇంకేమీ అడగలేదు.

పశ్చిమ జర్మనీ ఆవిడని డబ్బిచ్చి విడిపించింది. అలా 1989 దాకా దాదాపు 33,000 మంది రాజకీయ ఖైదీల్ని కొనుక్కుంది. "నా ధర 95,847 మార్కులు" అంది ఆవిడ. అప్పట్లో మనిషికి కట్టిన మామూలు రేటు అదేనట.

బయటికొచ్చాక నాన్న కాఫీ వద్దన్నాడు. దారిలో టర్కిష్ బండి దగ్గర అమ్మకి పాలకూర గొజ్లెమె (లోపల కూర పెట్టి కాల్చిన రొట్టె), 5 యూరోలు, కట్టించుకున్నాం. అమ్మకి బాగా నచ్చింది, ఈ యాత్రలో తృప్తిగా తిన్నది అదొక్కటే అంది.

తిరుగు ట్రాములో చాలాసేపటికి నాన్న అడిగాడు, 1982లో మార్కు మన రూపాయల్లో ఎంత అని. ఫోన్‌లో వెతికి, నాలుగు రూపాయల లోపే అని చెప్పాను. జేబులోంచి పెన్ను తీసి ట్రాము టిక్కెట్ వెనక లెక్క వేశాడు. మూడు లక్షల డెబ్బై వేల పైచిలుకు. దాని కింద ఆ ఏడాది తన జీతం, 900, రాసి భాగించాడు.

"నెలకి తొమ్మిది వందలు చొప్పున ముప్పై నాలుగేళ్ల పైమాటే" అన్నాడు. "నా సర్వీసంతా అమ్మా."

ఆ టిక్కెట్ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.