మంచు మూసిన ఊరు: 'డార్క్ ఐస్‌లాండ్' నవలలు

ఐస్‌లాండ్ ఉత్తర తీరాన, సుమారు 1,200 మంది నివసించే సిగ్లుఫియోర్దుర్ అనే రేవు ఊరు రాగ్నార్ యోనాసన్ అపరాధ పరిశోధన నవలలకు నెలవు. ఈ ఊరు నేపథ్యంగా వచ్చిన తొలి నవల 'స్నోబ్లైండ్' మూలభాషలో 2010లో, ఇంగ్లీషులో 2015లో వెలువడింది. వేదాంతశాస్త్రం చదువు మధ్యలో మానేసి పోలీసైన ఆరి థోర్, ప్రియురాలిని రేక్యావిక్‌లో వదిలి ఇక్కడికి వస్తాడు. ఏమీ జరగదని అందరూ నమ్మే ఊళ్లో, నాటకశాల మెట్ల కింద ఒక వృద్ధ రచయిత శవమై కనిపిస్తాడు. అంతలో మంచుచరియలు విరిగిపడి, ఊరికున్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

నన్ను పట్టి చదివించింది హత్య కన్నా చీకటి. నవంబరు మధ్యలో కొండల చాటుకు వెళ్లిన సూర్యుడు జనవరి చివరి వరకు ఊరికి ముఖం చూపడు. కిటికీ అంచున అంగుళం అంగుళంగా పేరుకునే మంచును చూస్తూ ఆరి థోర్‌కు ఊపిరాడనట్టు అనిపించే పుటలు చదువుతుంటే, గది తలుపు ఒకసారి తెరిచి చూడాలనిపించింది. అగాథా క్రిస్టీ నవలలు పద్నాలుగింటిని ఐస్‌లాండిక్‌లోకి అనువదించిన చేయి కనుక, ఆధారాలను పాఠకుడి కళ్లెదుటే పరిచి ఏమార్చడం యోనాసన్‌కు వెన్నతో పెట్టిన విద్య.

ప్రేమికుల మనస్పర్థలు మాత్రం సాగదీశారు. ఇంగ్లీషులో పుస్తకాలు కథాక్రమంలో రాకపోవడం మరీ చికాకు. 'స్నోబ్లైండ్'కు ఐదేళ్ల తర్వాతి కథయిన 'నైట్‌బ్లైండ్'ను రెండోదిగా చదివి నేను నష్టపోయాను. మీరు 'బ్లాకౌట్', 'రప్చర్', 'వైటౌట్' ముగించాకే దానిని తెరవండి.