ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల సంత: అయిదుకు నాలుగు నక్షత్రాలు

‘మినారెట్’ అనే నవల కావాలని అడిగితే, దుకాణంలో కుర్రవాడు నన్ను తిన్నగా మతగ్రంథాల అర దగ్గరికి తీసుకువెళ్ళి నిలబెట్టాడు. “నవల బాబూ, లండన్‌లో జరిగే కథ” అన్నాను. నా తల మీది దుపట్టాను ఒకసారి, కంప్యూటర్‌ను ఒకసారి చూసి “స్టాకు లేదు మేడమ్” అన్నాడు. మాల్‌లో ఉన్న ఆ దుకాణం పేరు ఎందుకులెండి, ఏసీ మాత్రం బాగుంది. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గరి బల్ల చూశాను. ముస్లిం స్త్రీల గురించిన పుస్తకాలు పదకొండు పేర్చారు. తొమ్మిదింటి అట్ట మీద నల్లని ముసుగు, అందులోంచి కాటుక పెట్టిన రెండు కళ్ళు. మా ఇంట్లో నలుగురం ఆడవాళ్ళం. ఎవరి కళ్ళూ అంత పెద్దవి కావు.

అందుకే నేను మళ్ళీ ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కే వచ్చాను. ఆదివారం మూసిన షట్టర్ల ముందు ప్లాస్టిక్ పట్టాలు పరిచి పాత పుస్తకాలు అమ్ముతారు. మెహదీపట్నం నుంచి బస్సెక్కి ఇరవై ఏళ్ళుగా వస్తున్నాను. ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. రెండేళ్ళుగా ముస్లింల గురించి పాశ్చాత్య దేశాల్లో వచ్చిన నవలలు పోగు చేస్తున్నాను. ఇక్కడ అవి ఏ అరలోనూ ఉండవు. ‘ఏదైనా నూరు’ అన్న కుప్పలో వంటల పుస్తకానికీ ఎంసెట్ గైడుకూ మధ్య ఉంటాయి. వెతుక్కుంటే నడుము నొప్పి వస్తుంది, అంతే.

మొదట దొరికింది అమెరికన్ రచయిత అప్‌డైక్ ‘టెర్రరిస్ట్’ (2006), ఎనభై రూపాయలు. న్యూజెర్సీలో అహ్మద్ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు. ఈజిప్టు తండ్రి వదిలేసి పోయాడు, తల్లి ఐరిష్ అమెరికన్. పిల్లవాడి భక్తి తిరిగి తిరిగి పేలుడు పదార్థాలు నింపిన ట్రక్కు దగ్గరికి చేరుతుంది. పాడుబడిన ఆ ఊరి వీధులను అప్‌డైక్ ఎంత బాగా చూపిస్తాడో! కానీ అక్కడే పుట్టి పెరిగిన ఆ కుర్రవాడు నోరు తెరిస్తే చాలు, ఎవరో రాసిచ్చిన ప్రసంగం చదువుతున్నట్టు ఉంటుంది. మా అక్క కొడుకు కూడా న్యూజెర్సీలోనే ఉంటాడు. శుక్రవారం నమాజుకు వెళ్తాడు, శనివారం క్రికెట్ ఆడతాడు, మిగిలిన రోజులన్నీ “ఖాలా, ఇంటి అప్పు తీరేలా లేదు” అని ఫోనులో వాపోతాడు. వాడు ఏ నవలలోనైనా ఉన్నాడేమోనని చూస్తూనే ఉన్నాను.

డెలిలో ‘ఫాలింగ్ మ్యాన్’ (2007)లో లేడు. అక్కడ ఉన్నది సెప్టెంబర్ 11 దాడికి విమానం ఎక్కిన హమ్మాద్. వెల్‌బెక్ ‘సబ్మిషన్’ ఫ్రెంచిలో 2015 జనవరి 7న, షార్లీ ఎబ్దో పత్రిక మీద దాడి జరిగిన రోజునే వచ్చింది. ఫ్రాన్సుకు 2022లో ముస్లిం పార్టీ నాయకుడు అధ్యక్షుడవుతాడని అందులో ఊహ. భయపడుతూ తెరిచాను, ఆవలిస్తూ మూశాను. అందులో ముస్లింలు తెర మీది బొమ్మలే. అసలు కథ అంతా విసుగెత్తిపోయిన ఒక పారిస్ ప్రొఫెసరుది.

మొహ్సిన్ హమీద్ ‘ది రిలక్టెంట్ ఫండమెంటలిస్ట్’ (2007)కు మాత్రం బేరం ఆడకుండా నూట ఇరవై ఇచ్చాను. లాహోర్‌లో చంగేజ్ అనే యువకుడు ఒక అమెరికన్ ఎదుట కూర్చుని మాట్లాడుతూనే ఉంటాడు. ఆ అమెరికన్ గొంతు నవల మొత్తంలో మనకు వినిపించదు. చదువుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కమిలా షమ్సీ ‘హోమ్ ఫైర్’ (2017) మొదలయ్యేది లండన్ విమానాశ్రయంలో. అధికారులు ఏమేమి అడుగుతారో, ఏమి జవాబు చెప్పాలో ఇస్మా అనే యువతి ముందే చెల్లెలితో సాధన చేసి వస్తుంది. అయినా విమానం తప్పిపోతుంది. మా అక్క కొడుకు ప్రయాణానికి ముందు రోజు రాత్రి ఫోనులో ఫొటోలు సర్దుకోవడం గుర్తొచ్చి పుస్తకం కాసేపు పక్కన పెట్టాను.

ఇంతకీ మాల్‌లో దొరకని ‘మినారెట్’ (2005) ఇక్కడ దొరికింది. సూడాన్ మూలాలున్న లీలా అబూలేలా రాసింది. ఖార్తూమ్‌లో కలవారి పిల్ల నజ్వా. సైనిక తిరుగుబాటు తరువాత తండ్రిని ఉరి తీస్తారు. లండన్ చేరి చివరకు ఒకరి ఇంట్లో పనిమనిషి అవుతుంది. మిగతా నవలల్లో నమాజు చదివేవాడు కనిపిస్తే చాలు, వాడు ఇల్లు వదిలిపోతాడా, బాంబు పట్టుకుంటాడా అని పాఠకుడు లెక్కలు వేస్తూ కూర్చోవాలి. నజ్వా తల మీద గుడ్డ చలికి శాలువా కప్పుకున్నంత మామూలుగా కప్పుకుంటుంది. మసీదులో ఆడవాళ్ళతో కూర్చుంటుంది, వాళ్ళ పిల్లల్ని ఎత్తుకుంటుంది, కొంచెం నవ్వుతుంది. ఆ పేజీల్లో మా అమ్మ ఉంది. యజమానురాలి తమ్ముడితో ప్రేమ మాత్రం నాకు నచ్చలేదు, మరీ పసివాడు.

డాల్రింపుల్ ‘వైట్ మొఘల్స్’ (2002) కూడా ఇక్కడ తరచూ కనిపిస్తుంది. నవల కాదు, చరిత్ర. ఖైరున్నిసాను పెళ్ళాడిన కిర్క్‌పాట్రిక్ నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటు; అతను కట్టించిన భవనం పక్కనే కోఠిలో, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయమైన పాత మహిళా కళాశాల ఆవరణలో ఉంది. పుస్తకం కొన్నవారు అటు ఒకసారి నడిచి వెళ్ళండి.

ఒక నక్షత్రం ఎందుకు కోశానంటే, తెలుగు కుప్ప చాలా నీరసంగా ఉంటుంది. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ మూడు నెలలుగా అడుగుతున్నాను, దొరకలేదు. వాన చినుకు పడితే పట్టాలు చుట్టేస్తారు, తడిసిన పుస్తకాలు కూడా పొడివాటి ధరకే అంటగడతారు. పదిన్నరలోపు వెళ్ళండి, చిల్లర తీసుకువెళ్ళండి, గుడ్డ సంచీ మరవకండి.

కొనేముందు పేజీలు లెక్కపెట్టుకోండి. నా ‘మినారెట్’లో నడుమ పదహారు పేజీలు లేవు. మరుసటి వారం వెళ్ళి చూపిస్తే, “ఆపా, యాభై వెనక్కి తీసుకోండి, ఇంకో కాపీ వస్తే పక్కన పెడతాను” అన్నాడు అమ్మినతను. యాభై తీసుకున్నాను. పుస్తకం మాత్రం తిరిగి ఇవ్వలేదు, అతనూ అడగలేదు.