లబ్బీపేట మ్యాచ్ హాలులో నిలబడి చూసే టికెట్టు: రెండు రాత్రుల అనుభవం

విజయవాడ లబ్బీపేటలో ఒక మేడ మీద ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లను పెద్ద తెర మీద చూపిస్తున్న హాలుకు ఈ శీతాకాలంలో మా అబ్బాయితో కలిసి రెండు ఆదివారాలు వెళ్లాను. కుర్చీకి 250 రూపాయలు, వెనక నిలబడి చూసేందుకు 150 రూపాయలు తీసుకుంటున్నారు. తెర, శబ్దం బాగున్నాయి, టీ ఫరవాలేదు. నేను వివరంగా రాయదలచుకున్నది ఆ 150 రూపాయల టికెట్టు గురించి.

కుర్చీల వెనక మూడు వరుసలుగా చెక్క మెట్లు కట్టి, ఒక్కో మెట్టు ముందు నడుమెత్తున ఇనుప గొట్టం బిగించారు. మెట్టు పొడవునా పసుపు రంగుతో గీతలు గీసి అంకెలు వేశారు. టికెట్టు మీద ఏ అంకె ఉంటే అక్కడే నిలబడాలి. గోల్ పడగానే వెనకవాళ్లు ముందుకు ఒరిగితే ఆ బరువు ముందున్న మనిషి వీపు మీద కాక గొట్టం మీద పడుతుంది. మొదటి రాత్రి మా అబ్బాయి రెండు చేతులా ఆ గొట్టం పట్టుకుని మ్యాచంతా గెంతుతూనే ఉన్నాడు, అయినా ఎవరూ ఎవరి మీదా పడలేదు. కూర్చుని చూసే ఆటకూ పక్కవాడి భుజం తగులుతూ చూసే ఆటకూ ఎంత తేడా ఉందో ఆ రాత్రి నాకు తెలిసివచ్చింది.

ఈ ఏర్పాటు వెనక ఇంగ్లండులో మూడు దశాబ్దాలు సాగిన వాదన ఉంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య సెమీఫైనల్ రోజున జరిగిన తొక్కిడిలో 97 మంది ప్రాణాలు కోల్పోయారు. బయట జనం పెరిగిపోయారని పోలీసులు ఒక గేటు తెరిపించడం, లోపలికి వచ్చినవాళ్లు ఎదురుగా కనబడిన సొరంగ మార్గం గుండా నిలబడి చూసేందుకు కంచెలతో విడగొట్టిన, అప్పటికే నిండిపోయిన మధ్య గదుల్లోకి వెళ్లడం, ముందువైపు ఎత్తైన ఇనుప కంచె ఉండటం అందుకు కారణాలు. అదే సమయంలో పక్క గదుల్లో చోటు ఉంది. తప్పు ప్రేక్షకులది కాదని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది. విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్, నిలబడి చూడటం స్వతహాగా ప్రమాదకరం కాదని ఒప్పుకుంటూనే అందరికీ సీట్లు వేయాలని 1990లో సిఫారసు చేశారు. 1994 నుంచి ఇంగ్లండు ఫుట్‌బాల్ పై రెండు డివిజన్లలో అది నిబంధన అయింది. అయినా జనం కూర్చోలేదు. మోకాలి ఎత్తు సీట్ల ముందు నిలబడి, సంబరంలో వాటి మీదుగా ముందు వరుస మీదికి పడుతూ వచ్చారు. జర్మనీలోని డార్ట్‌మండ్‌లో ఒక్క దక్షిణ స్టాండులోనే దాదాపు 25,000 మంది నిలబడి చూస్తుంటారు. గ్లాస్గోలో సెల్టిక్ క్లబ్బు 2016లో పట్టుకుని నిలబడేందుకు కడ్డీలున్న సీట్లు పెట్టింది. ఇంగ్లండులో ఇలా నిలబడి చూడటాన్ని 2022 జనవరిలో ప్రయోగంగా మొదలుపెట్టి, ఆ తర్వాతి సీజను నుంచి క్లబ్బులకు అనుమతి ఇచ్చారు. అక్కడ సీటుకు ఒక్క మనిషి చొప్పునే నిలబడాలి. ఈ ఏర్పాటుకు ప్రాణం ఆ లెక్కే. కడ్డీ దాని తర్వాతిది.

రెండో ఆదివారం ఈ హాలులో తప్పిందీ ఆ లెక్కే. పెద్ద జట్ల మ్యాచ్ కావడంతో అంకెలు లేని టికెట్లు కూడా అమ్మారు. తెరకు ఎదురుగా ఉన్న మధ్య భాగంలో గీతకు ఇద్దరు చొప్పున నిలబడితే, స్తంభం అడ్డమొచ్చే రెండు పక్కలా మెట్లు సగం ఖాళీగా ఉన్నాయి. అటు వెళ్లమని చెప్పే మనిషే లేడు. విరామంలో అబ్బాయిని బయటికి తీసుకువెళ్దామని కిందికి దిగే వెనక మెట్ల దగ్గరికి వెళితే తలుపుకు తాళం వేసి ఉంది. యజమానిని అడిగాను. “టికెట్టు లేనివాళ్లు అటునుంచి ఎక్కి వచ్చేస్తున్నారండీ, అందుకే వేశాం” అన్నారు. ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది, కానీ ఆ సమాధానంతో అక్కడ పిల్లవాడిని ఉంచలేక రెండో సగం చూడకుండానే వచ్చేశాం. మన దగ్గరా ఇది ఊహించుకునే భయం కాదు. 2023 జనవరి 1న గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర జరిగిన తొక్కిసలాటలో ముగ్గురు మహిళలు చనిపోయారు.

నిలబడే టికెట్లు తీసేసి అంతా కుర్చీలు వేయమని నేను అడగడం లేదు. అలా చేస్తే మంచి ఏర్పాటును పాడుచేసుకున్నట్లే, పైగా 150 రూపాయలకు వచ్చే కాలేజీ పిల్లలు రాలేరు. గీసిన గీతలెన్నో అన్నే టికెట్లు అమ్మాలి, పక్క మెట్ల వైపు పంపడానికి ఒక మనిషిని పెట్టాలి, వెనక తలుపుకు తాళం బదులు లోపలినుంచి తీసుకోగల గడియ పెట్టి అక్కడ ఒకరిని కూర్చోబెట్టాలి. ఈ మూడూ యజమానికి కాగితం మీద రాసి ఇచ్చాను, ఆయన చదివి జేబులో పెట్టుకున్నారు. మామూలు మ్యాచ్‌లకైతే నిలబడే టికెట్టు నిశ్చింతగా కొనవచ్చు. పెద్ద మ్యాచ్‌కు మాత్రం నేను ముందు వెనక మెట్లెక్కి ఆ తలుపు చూసుకుని, ఆ తర్వాతే డబ్బు కడతాను.