సోలార్ పంపుసెట్టు: పొగ పోయింది సరే, బోరు సంగతేంటి?

నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర మా నిమ్మతోటకు కరెంటు లైను దూరం. ఆయిల్ ఇంజన్ తీసేసి ఐదు హెచ్‌పీ సోలార్ పంపు పెట్టి కొన్నేళ్లయింది. మిగిలే డబ్బు సంగతి అమ్మేవాళ్లే చెబుతారు, నేను నేలకూ నీళ్లకూ ఏమైందో చెబుతాను.

పొగ విషయంలో వంక పెట్టలేం. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది పోయింది, బోరు చుట్టూ కారే నల్ల ఆయిలూ పోయింది. ప్యానెళ్ల తయారీకీ బొగ్గు కరెంటే కదా అంటారు, నిజమే. అదంతా కలుపుకునే ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం ఐపీసీసీ 2014లో అంచనా వేసింది: యూనిట్ కరెంటుకు వెలువడే కార్బన్ డయాక్సైడ్ రూఫ్‌టాప్ సోలార్‌కు సుమారు 41 గ్రాములు, బొగ్గుకు 820. కృష్ణపట్నం థర్మల్ చిమ్నీలు చూసే మనకు ఇంకా విడమరచక్కర్లేదు.

రోహిణి కార్తెలో పంపు దంచేస్తుందనుకోకండి. ప్యానెల్ 25 డిగ్రీలు దాటి వేడెక్కేకొద్దీ డిగ్రీకి 0.4 శాతం దాకా పవర్ పడిపోతుంది. దుమ్ము కడగడానికి వాననీళ్లే మేలు, మా బోరు నీళ్లకు తెల్ల మరకలు పడతాయి.

అసలు పేచీ భూగర్భజలంతో. డీజిల్ పోసిన రోజుల్లో గంట తిరిగితే జేబు గుర్తొచ్చేది. ఇప్పుడు ఆపాలనే అనిపించదు. "ఎండకి బిల్లు లేదు గదబ్బయ్యా, తిరగనీ" అంటాడు పక్క తోట పెద్దాయన. ఆయన పాదుల్లో ఎప్పుడూ నీళ్లు నిలిచే ఉంటాయి. నిమ్మకు అంత నీరు పడదు, వేరు కుళ్లుతుంది. అందరూ ఇలాగే తోడితే ఎండాకాలం బోర్లు గాలి పోస్తాయి. నీళ్లు అందకపోతే కంట్రోలర్ పంపును ఆపేస్తుంది. దాంతో మోటారు బతుకుతుంది, బోరు కాదు. అందుకే డ్రిప్ లేని తోటకు సోలార్ పంపు సబ్సిడీ ఇవ్వకూడదని నా అభిప్రాయం. మా వైపు ఈ మాటంటే కోప్పడేవాళ్లే ఎక్కువ.

ఇంకోటి. గాలివానకు కొమ్మ పడి ఒక ప్యానెల్ పగిలింది. పాత సామాన్లు కొనే అతను అల్యూమినియం ఫ్రేము ఊడదీసుకుని గాజు వదిలేసి పోయాడు. లోపలి అతుకుల్లో సీసం ఉంటుంది, గట్టు మీద పారేయలేం. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ ప్యానెళ్లూ ఉన్నాయి, బాధ్యత తయారీదారుదే. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "అక్కడే ఉంచండి సార్" అన్నారు. గోనెపట్టాలో చుట్టి షెడ్డులో పెట్టాను.

లైను లేని తోటైతే, డ్రిప్ వేసుకుని కొనండి. పాడైన ప్యానెల్ ఎవరు తీసుకెళ్లాలో మాత్రం కొనేటప్పుడే కాగితం మీద రాయించుకోండి.