జాగ్రత్త: ఉన్ని అని చెప్పి పాలిస్టర్ అంటగడుతున్నారు

సీల్డ్ నాట్ వంటి బృందాలతో కలిసి, 1640లలో రాజుకూ పార్లమెంటుకూ జరిగిన ఇంగ్లండ్ అంతర్యుద్ధపు పోరాటాలను ఆనాటి వేషాల్లో మళ్ళీ ఆడి చూపే ప్రదర్శనల్లో పాల్గొంటున్న మన తెలుగు ఆడపడుచులందరికీ ఈ హెచ్చరిక. ప్రదర్శనలు జరిగేచోట గుడారం వేసి, ఆన్‌లైన్‌లో కూడా 1640ల నాటి ఆడవారి దుస్తులు కుట్టి అమ్మే ఆ వ్యక్తి ఎవరో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఉన్ని వెయిస్ట్‌కోటు, పెట్టికోటు, లోపల తొడుక్కొనే లినెన్ స్మాక్ కుట్టమని చెప్పి డబ్బంతా ముందే చెల్లించాను. బట్ట నూటికి నూరుపాళ్ళు ఉన్నియేనని, కుట్టంతా చేతికుట్టేనని రాతపూర్వకంగా హామీ ఇచ్చారు.

పార్శిల్ విప్పగానే వెయిస్ట్‌కోటు ముందువైపు తాడు దూర్చే రంధ్రాల చుట్టూ ఇత్తడి రింగులు మెరుస్తూ కనిపించాయి. ఆ కాలంలో వాటి అంచులను దారంతో చుట్టి కుట్టేవారు. రింగులు బిగించడం 19వ శతాబ్దంలో వచ్చిన పద్ధతి. అనుమానం వచ్చి లోపలి మడతలోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించాను. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడైపోయే బూడిద మిగలాలి. ఇది ముడుచుకుపోయి, కరిగి, నల్లటి గట్టి పూసలా మారింది. అలా కరిగేది పాలిస్టర్ వంటి కృత్రిమ దారమే. శిబిరంలో రోజంతా పొయ్యి మంట దగ్గర ఉండే మన ఒంటిమీద అలాంటి బట్టకు నిప్పంటుకుంటే కరిగి చర్మానికి కరుచుకుపోతుంది.

ఫోటోలతో సహా ఇదంతా రాసి పంపితే వచ్చిన జవాబుకు నా ఒళ్ళు మండిపోయింది. "ఆడవాళ్ళు యుద్ధం చేయలేదు కదా, వంట కుండ దగ్గర నిలబడేవారికి ఏ బట్టయితే ఏమిటి? కొలతలకు కుట్టినది కాబట్టి వాపసు లేదు" అన్నారు. ఆ అంతర్యుద్ధంలోనే, 1645 జూన్ 14న నేజ్‌బీ అనే చోట రాజు సేన ఓడిపోయాక, సామాను బళ్ళ వద్ద దొరికిన ఆడవారిని కనీసం నూరుమందిని పార్లమెంటు సైనికులు నరికి చంపారు. వంట చేసి, బట్టలు ఉతికి, గాయపడినవారికి సేవచేసి సైన్యం వెంట నడిచిన అలాంటి స్త్రీల బతుకును జనం ముందు ఉంచడానికే మేము ఎండనక వాననక ఆ మైదానాల్లో నిలబడుతున్నాము. వారి దుస్తులు అమ్ముకొని బతుకుతున్న మనిషి వారిని అంత చులకన చేయడం డబ్బు పోయినదానికన్నా ఎక్కువగా బాధించింది.

ఎవరి వద్దనైనా ముందు చిన్న బట్టముక్క తెప్పించుకొని కాల్చి చూడండి. చెప్పిన సరుకు ఇవ్వనప్పుడు, కొలతలకు కుట్టించినదైనా సరే, 30 రోజుల్లోపు తిప్పిపంపి డబ్బు వాపసు అడిగే హక్కు బ్రిటన్ వినియోగదారుల హక్కుల చట్టం, 2015 మనకు ఇస్తోంది. వస్తువు ధర 100 పౌండ్లు దాటితే క్రెడిట్ కార్డుతోనే చెల్లించండి, అమ్మినవారు మొండికేసినా బ్యాంకును అడగవచ్చు.