ఓ సుంగ్ హ్వాన్: హాన్షిన్ రోజులా, కార్డినల్స్ రోజులా?

కొరియా బేస్‌బాల్ క్లోజర్ (ఆట చివర్లో వచ్చి ఆధిక్యం కాపాడే పిచర్) ఓ సుంగ్ హ్వాన్ దేశం బయట ఎక్కడ బాగా ఆడాడంటే చాలామంది జపానే అంటారు, హాన్షిన్ టైగర్స్‌కి 2014లో 39 సేవ్‌లు (అలా కాపాడిన గెలుపులు), 2015లో 41, రెండేళ్లూ అక్కడి సెంట్రల్ లీగ్‌లో టాప్, ఇంకేం కావాలి అని. నాకైతే 2016లో అమెరికాలోని సెయింట్ లూయిస్ కార్డినల్సే ఎక్కువ. సేవ్‌లు 19 మాత్రమే, నిజమే, కానీ 33 ఏళ్లకి అమెరికా వెళ్లిన మనిషి, అదీ క్లోజర్‌గా కాదు, అప్పటి క్లోజర్ రోజెంథాల్ తడబడ్డాక సీజన్ మధ్యలో ఆ పని ఈయన నెత్తిన పడింది, అయినా 103 స్ట్రైకౌట్లు (బ్యాటర్‌ని మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేయడం), ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, తక్కువైతే మంచిది) 1.92! బంతి వేసేటప్పుడు ముందు కాలు నేలకి ఆనీ ఆననట్టు చిన్నగా తడబడుతుంది చూడండి, అక్కడే బ్యాటర్ టైమింగ్ గల్లంతు. మొహంలో మాత్రం ఏమీ కనపడదు, 'రాతి బుద్ధుడు' అని ఊరికే అనలేదు. 2017లో ఈఆర్‌ఏ 4.10కి ఎగబాకింది, నిలకడే కావాలంటే హాన్షిన్ వాళ్లదే పైచేయి, ఒప్పుకుంటా.