బాకీకి ప్రోనోటా, సరుకు బిల్లులా? కోర్టు ఖర్చులు రావాలంటే ఏది మేలు?

బెజవాడలోని బట్టల హోల్‌సేల్ మార్కెట్ వస్త్రలతలో అరువు బేరాలు కొత్తేం కాదు. బాకీ పేరుకుపోయాక, ఆ మొత్తాన్ని చేబదులుగా తీసుకున్నట్టు ప్రోనోటు రాయించుకునే వ్యాపారులు ఉంటారు. సంతకం రుజువైతే చాలు, డబ్బు ముట్టినట్టే కోర్టు భావిస్తుంది. కాదని నిరూపించే భారం అవతలివాడిది. గెలవడానికి ఇది సులువైన దారే. ఖర్చులు రాబట్టడానికి మాత్రం కాదు.

చేబదులు నోటు మీద దావా సాధారణంగా మామూలు సివిల్ కోర్టులోనే నడుస్తుంది. 'ఖర్చులతో సహా' డిక్రీ వస్తుంది, సరే. కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు (సమన్లు, నోటీసులు పంపే రుసుము) అందులో పడతాయి. లాయరు ఫీజు మాత్రం రూల్స్‌లో ఉన్న లెక్క ప్రకారమే వేస్తారు. మనం నిజంగా ఇచ్చిందానికీ దానికీ పొంతన ఉండదు. అవతలివాడు అబద్ధపు వాదనతో ఏళ్లు లాగాడని జడ్జి నమ్మినా, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 35ఏ కింద ఇప్పించే పరిహారం 3,000 రూపాయలు దాటదు. 1976 సవరణలో వెయ్యి నుంచి పెంచిన మొత్తం అది! గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడనే సామెత ఊరికే పుట్టలేదు.

అదే సరుకు బిల్లుల మీద, 3 లక్షలు లేదా అంతకు మించిన బాకీకి వేస్తే అది కమర్షియల్ కోర్టు కేసు. విజయవాడలో ఇందుకు ప్రత్యేక కోర్టే ఉంది. 2015 కమర్షియల్ కోర్టుల చట్టం ఈ కేసులకు అదే కోడ్‌లో ఖర్చుల గురించి చెప్పే సెక్షన్ 35ను తిరగరాసింది. ఓడినవాడే ఖర్చులు భరించడం ఇక్కడ సాధారణ నియమం. సహేతుకమైన లాయరు ఫీజు కూడా అందులో కలుస్తుంది, కాబట్టి రసీదులు దాచుకోవాలి. 35ఏలోని ఆ పరిమితీ లేదు. సబబైన రాజీ ప్రతిపాదనను ఎవరు అకారణంగా కాదన్నారో జడ్జి చూస్తాడు. మనం మొండికేసినా అదే లెక్క.

అత్యవసర ఉత్తర్వులు అడగకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. టైమ్ వేస్ట్ అని విసుక్కుంటారు గానీ, అక్కడే తెగితే కోర్టు ఫీజే ఉండదు. ఆ ఒప్పందానికి ఆర్బిట్రేషన్ అవార్డుకున్నంత, అంటే కోర్టు డిక్రీలా అమలు చేయించుకోగలిగినంత బలం ఉంటుంది.

బిల్లుల దారిలో తలనొప్పి రుజువులే: సరుకు అందినట్టు లారీ రసీదులు, జీఎస్టీ లెక్కలు, ఖాతా పుస్తకం. అందుకే నా ఓటు ప్రోనోటుకు కాదు, దావా వేయడానికున్న మూడేళ్ల గడువు దాటకముందే ఖాతా కింద తీసుకున్న బాకీ ఒప్పుకోలు సంతకానికి. దాంతో గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తుంది, బాకీ సరుకు బాకీగానే ఉంటుంది. 3 లక్షల లోపు బాకీకైతే కమర్షియల్ కోర్టు ఊసే లేదు, ప్రోనోటే నయం.